బల్ల ఒకటే, పద్ధతులు మూడు: యూరప్ విదేశాంగ మంత్రుల గురించి మీ ప్రశ్నలకు జవాబులు

యూరప్ విదేశాంగ మంత్రులు నెలనెలా ఒకచోట కూర్చుంటారని గత నెల ఈ శీర్షికలో ఒక్క వాక్యం రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. 1999 నుంచి 2011 దాకా ఒక వార్తాసంస్థ విలేకరిగా నేను బ్రస్సెల్స్‌లో ఉన్నాను. ఆ పన్నెండేళ్లలో చాలా సోమవారాలు ఆ మంత్రుల సమావేశ భవనంలోనే, అర్ధరాత్రి దాకా పడిగాపులు కాస్తూ గడిచాయి. అందుకే ఈ సంచిక మొత్తం ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, పోటీ పరీక్షలకు చదువుతున్నాను. యూరోపియన్ కౌన్సిల్, కౌన్సిల్ ఆఫ్ యూరప్, కౌన్సిల్ ఆఫ్ ద యూరోపియన్ యూనియన్... ఈ మూడూ ఒకటేనా? విదేశాంగ మంత్రులు కూర్చునేది ఎందులో?

ఒకటి కాదు బాబూ. పేర్లు పెట్టినవాళ్లు చదువుకునేవాళ్లను తలచుకోలేదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అసలు యూరోపియన్ యూనియన్‌ది కాదు. అది 1949లో పుట్టిన వేరే సంస్థ, స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటుంది, 46 సభ్య దేశాలు. మానవ హక్కుల న్యాయస్థానం దానిదే. యూరోపియన్ కౌన్సిల్ అంటే యూనియన్‌లోని 27 దేశాల ప్రధానులు, అధ్యక్షులు కలిసే శిఖరాగ్రం. మూడోది మంత్రుల మండలి. వ్యవసాయం చర్చకు వస్తే వ్యవసాయ మంత్రులు, ఆర్థికం వస్తే ఆర్థిక మంత్రులు వచ్చి కూర్చుంటారు. విదేశాంగ మంత్రులు కూర్చున్నప్పుడు దాన్ని విదేశీ వ్యవహారాల మండలి అంటారు. నీకు కావలసింది ఇదే.

పరీక్షలో తరచుగా తప్పు రాసేది అధ్యక్ష స్థానం గురించి. మిగతా మండలులకు ఆరు నెలలకో దేశం చొప్పున వంతులవారీగా అధ్యక్షత వహిస్తుంది. విదేశీ వ్యవహారాల మండలికి మాత్రం, 2009 డిసెంబర్ 1న లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాక, యూనియన్ విదేశాంగ విధానాన్ని చూసే 'ఉన్నత ప్రతినిధి' అనే పదవిలో ఉన్నవారు అధ్యక్షులు. ఆ పదవి అంతకు పదేళ్ల ముందు నుంచీ ఉంది గానీ అధ్యక్ష స్థానం దానికి లేదు. హావియెర్ సొలానా (1999–2009), కేథరిన్ ఆష్టన్, ఫెదెరికా మొగెరీని, జోసెప్ బొరెల్, 2024 డిసెంబర్ నుంచి కాయా కల్లాస్. ఐదు పేర్లే, గుర్తుపెట్టుకో. ఈ పదవిలో ఉన్నవారే యూరోపియన్ కమిషన్‌కు ఉపాధ్యక్షులు కూడా.

ఇంకో మెలిక ఉంది. వర్తకం చర్చకు వచ్చిన రోజున అదే మండలికి వాణిజ్య మంత్రులు వస్తారు. అప్పుడు అధ్యక్షత మళ్లీ వంతు దేశానిదే. అభివృద్ధి సాయం చర్చకు వస్తే ఆ శాఖ చూసే మంత్రులు, రక్షణ అయితే రక్షణ మంత్రులు. మండలి పేరు ఒక్కటే, కుర్చీల్లో మనుషులు మారతారు. మనుషులతో పాటు నియమాలు కూడా మారిపోతాయి. అసలు కథ అక్కడే ఉంది, కింది ఉత్తరం దాన్నే పట్టుకుంది.

ప్రశ్న: జర్మనీ వద్దన్నా చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద సుంకం పడింది. సైప్రస్ వద్దంటే బెలారస్ మీద ఆంక్షలు ఆగిపోయాయి. పెద్ద దేశం మాట చెల్లకుండా చిన్న దేశం మాట చెల్లడం ఏమిటి? ఇది నాకు ఎంత ఆలోచించినా కొరుకుడు పడలేదు. – ఒక ఎగుమతి వ్యాపారి

అయ్యా, ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టినందుకు మీకు కృతజ్ఞతలు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ అర్థం కాదు.

మొదట సైప్రస్ సంగతి. 2020 ఆగస్టు 9న బెలారస్‌లో ఎన్నికలు జరిగాయి. అధ్యక్షుడు లుకషెంకో తానే గెలిచానని ప్రకటించుకున్నాడు, జనం వీధుల్లోకి వచ్చారు, పోలీసులు వాళ్లను చితకబాదారు. ఆ హింసకు బాధ్యులైనవారి మీద ఆంక్షలు పెట్టాలని యూరప్ మంత్రులందరూ నోటితో ఒప్పుకున్నారు. సెప్టెంబర్ 21న బ్రస్సెల్స్‌లో కూర్చున్నారు. ప్రతిపక్ష నేత స్వెత్లానా తిఖనోవ్‌స్కాయా ఆ రోజు స్వయంగా వచ్చి మంత్రులతో మాట్లాడింది. అయినా నిర్ణయం రాలేదు. తన సముద్రంలో గ్యాస్ కోసం తవ్వుతున్న టర్కీ మీద కూడా ఆంక్షలు పెడితేనే బెలారస్ దస్త్రం మీద సరే అంటానని సైప్రస్ పట్టుబట్టింది. సుమారు తొమ్మిది లక్షల జనాభా ఉన్న దేశం అది. చివరికి అక్టోబర్ మొదట్లో శిఖరాగ్రంలో ప్రధానులు కూర్చుని బుజ్జగిస్తే గానీ 40 మంది పేర్ల జాబితా బయటికి రాలేదు.

ఇప్పుడు జర్మనీ. 2024 అక్టోబర్ 4న చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద అదనపు సుంకాల ప్రతిపాదన సభ్య దేశాల ప్రతినిధుల కమిటీకి వచ్చింది. పది దేశాలు అవునన్నాయి, ఐదు వద్దన్నాయి, పన్నెండు తటస్థంగా ఉండిపోయాయి. వద్దన్న ఐదింటిలో జర్మనీ ఒకటి. ఎనిమిది కోట్లకు పైగా జనం, ప్రపంచానికి కార్లు అమ్మే దేశం. అయినా ప్రతిపాదన ఆగలేదు. ఎందుకంటే అలాంటి సుంకాన్ని ఆపాలంటే విశేష మెజారిటీ వద్దనాలి. అంటే కనీసం 55 శాతం దేశాలు, అవి యూనియన్ జనాభాలో కనీసం 65 శాతానికి ప్రాతినిధ్యం వహించాలి. అంత బలగం కూడలేదు. మామూలుగా ఉన్న పది శాతం సుంకం మీద ఇంకో 35.3 శాతం దాకా అదనంగా పడింది.

ఇలా ఎందుకు? యూరప్ వర్తకాన్ని ఉమ్మడి చేసింది, విదేశాంగాన్ని ఉమ్మడి చేయలేదు. ఒక ఇంట్లో అన్నదమ్ములు పొలం కలిపి సాగు చేసుకుంటూ, పొరుగువాళ్లతో ఎవరి పలకరింపులు వాళ్లవే ఉంచుకున్నట్టు. ఆరు దేశాలతో, నేటి యూనియన్‌కు మూలమైన ఆర్థిక సమాజాన్ని స్థాపించిన 1957 రోమ్ ఒప్పందం సుంకాల అధికారాన్ని దేశాల నుంచి తీసి ఉమ్మడి ఖాతాలో వేసింది. 1968 జూలై 1 నాటికి ఆరు దేశాల మధ్య సుంకాలు పోయాయి, బయటి సరుకు మీద ఒకే సుంకం వచ్చింది. అప్పటి నుంచి ప్రపంచంలో ఎవరితోనైనా వర్తకం మాట్లాడేది కమిషన్. మంత్రులు దానికి ముందుగా ఆదేశాలు ఇస్తారు, వెనక నిలబడి గమనిస్తారు.

విదేశాంగం వేరు. సైన్యం, రాయబారులు, పాత స్నేహాలు, పాత పగలు ఎవరూ వదులుకోలేదు. 1970లో 'రాజకీయ సహకారం' పేరుతో విదేశాంగ మంత్రులు విడిగా కలవడం మొదలుపెట్టారు, అదీ ఒప్పందాల చట్రానికి బయట. రెండింటినీ కలపకూడదని ఫ్రాన్స్ ఎంత గట్టిగా పట్టుబట్టిందంటే, 1973లో ఒక రోజు ఆ మంత్రులే పొద్దున కోపెన్‌హాగన్‌లో విదేశాంగం మాట్లాడి, మధ్యాహ్నం విమానం ఎక్కి బ్రస్సెల్స్ వెళ్లి ఆర్థిక సమాజపు మండలిగా మళ్లీ కూర్చున్నారు. అవే ముఖాలు, అదే రోజు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు విమానం ఎక్కాల్సిన పనిలేదు, ఒకే గదిలో కూర్చుంటారు. కానీ ఆ పొద్దుటికీ ఆ మధ్యాహ్నానికీ మధ్య ఉన్న గీత చెరగలేదు. ఆ గీతకు విదేశాంగం పక్క ఏకగ్రీవం కావాలి, వర్తకం పక్క మెజారిటీ చాలు.

ఏకగ్రీవంలోనూ ఒక చిన్న తలుపుంది, దాని పేరు నిర్మాణాత్మక తటస్థత. "నేను ఒప్పుకోను, కానీ మీకు అడ్డురాను, నా మీద ఆ భారం వేయకండి" అని ఒక దేశం చెప్పవచ్చు. 2008లో కొసావోకు పోలీసులను, న్యాయాధికారులను పంపినప్పుడు సైప్రస్ చేసింది అదే. 2022లో యుక్రెయిన్‌కు ఆయుధాల డబ్బు విషయంలో ఆస్ట్రియా, ఐర్లండ్, మాల్టా ఆ దారినే వెళ్లాయి.

అలాగని వర్తకం ఎప్పుడూ సాఫీ అనుకోకండి. 2016 అక్టోబర్‌లో కెనడాతో ఒప్పందానికి బెల్జియంలోని వలోనియా అనే ఒక్క ప్రాంతం అడ్డుపడింది. ఆ ఒప్పందాన్ని యూనియన్ అధికారాలూ దేశాల అధికారాలూ కలిసిన మిశ్రమ ఒప్పందంగా తీసుకున్నారు. దానితో ప్రతి దేశమూ సంతకం చేయాల్సి వచ్చింది. బెల్జియం సంతకానికి దాని ప్రాంతాల సమ్మతి కావాల్సి వచ్చింది. కొన్ని రోజుల బేరం తర్వాత అక్టోబర్ 30న సంతకాలయ్యాయి. మరుసటి ఏడాది యూనియన్ న్యాయస్థానం సింగపూర్‌తో వర్తక ఒప్పందం మీద ఇచ్చిన అభిప్రాయంలో ఏది ఎవరి అధికారమో విడదీసి చెప్పాక ఆ చిక్కు కొంత సడలింది.

నా అభిప్రాయం అడిగితే, మనుషులను యుద్ధానికి పంపే నిర్ణయం ఏకగ్రీవంగానే ఉండాలి. ఒక తల్లి బిడ్డను ఇంకొక దేశపు ఓటు యుద్ధానికి పంపకూడదు. కానీ ఓటర్లను కొట్టించినవాడి బ్యాంకు ఖాతా స్తంభింపజేయడానికి 27 దేశాల సమ్మతీ కావాలనడం అన్యాయం. ఆ సెప్టెంబర్‌లో మిన్స్క్ వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లకూ సైప్రస్ గ్యాస్‌కూ ఏ సంబంధమూ లేదు. సైప్రస్‌కు టర్కీతో ఉన్న బాధ నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. 1974 నుంచి ఆ ద్వీపం రెండు ముక్కలుగా ఉంది. అయినా ఒకరి గాయాన్ని ఇంకొకరి మందుకు ముడివేయకూడదు.

ప్రశ్న: లక్సెంబర్గ్‌లో జరిగిన సమావేశమని వార్తల్లో ఒక్కోసారి వస్తుంది. బ్రస్సెల్స్ వదిలి అక్కడికెందుకు?

ఏప్రిల్, జూన్, అక్టోబర్ నెలల్లో మంత్రుల మండలులు అక్కడే జరగాలి. 1952లో, నేటి యూనియన్‌కు తొలి మెట్టయిన బొగ్గు, ఉక్కు సమాజం పుట్టినప్పుడు దాని కార్యాలయం లక్సెంబర్గ్‌లో ఉండేది. 1965లో సంస్థలన్నిటినీ కలిపేసి బ్రస్సెల్స్‌కు తరలించేటప్పుడు, పోయిన గౌరవానికి పరిహారంగా ఆ దేశానికి ఈ మూడు నెలలు ఇచ్చారు. ఆ నెలల్లో దుబాసీలు, దస్త్రాలు, మేమూ అందరం సుమారు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం కట్టాల్సిందే. కిర్చ్‌బెర్గ్ గుట్ట మీద అక్టోబర్ గాలి నాకు ఇప్పటికీ గుర్తుంది. అది వృథా ఖర్చని చాలామంది అంటారు. చిన్న దేశానికి ఇచ్చిన మాట అరవై ఏళ్లయినా తప్పకపోవడం నాకైతే నచ్చుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన టీచర్‌ని. యూరప్ దేశాలు పేద దేశాలకు సాయం చేస్తాయంటారు. అది నిజంగా సాయమేనా, లేక ఇచ్చిన చేత్తో లాక్కోవడమా? మంత్రులు దీని గురించి ఏమైనా ఆలోచిస్తారా?

టీచర్ గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు ఉంది గానీ, అది మీకు సంతోషం కలిగించకపోవచ్చు. రెండూ జరుగుతాయి. ఒక్కోసారి ఒకే ఏడాదిలో, ఒకే ప్రాంతంలో.

నేను బ్రస్సెల్స్ వెళ్లిన కొత్తలో స్వచ్ఛంద సంస్థల పెద్దలు ప్రతిసారీ ఒక ఉదాహరణ చెప్పేవాళ్లు. 1990ల మొదట్లో యూరప్ ఒక చేత్తో పశ్చిమ ఆఫ్రికాలో పశువుల పెంపకానికి సాయం డబ్బు ఇచ్చింది. రెండో చేత్తో తన రైతుల దగ్గర మిగిలిపోయిన గొడ్డుమాంసాన్ని సబ్సిడీ ఇచ్చి అదే ప్రాంతానికి చౌకగా ఎగుమతి చేసింది. సహారా దిగువన సాహెల్ ప్రాంతపు కాపరి తన పశువును అమ్ముకోలేకపోయాడు. సాయం ఇచ్చినవాళ్లది ఒక కార్యాలయం, మాంసం పంపినవాళ్లది ఇంకో కార్యాలయం. ఎవరి పని వాళ్లు బాగానే చేశారు.

ఆ కాలంలోనే యూనియన్ ఒప్పందంలోకి ఒక నియమం వచ్చింది. పేద దేశాల మీద ప్రభావం పడే ఏ విధానంలోనైనా అభివృద్ధి లక్ష్యాలను లెక్కలోకి తీసుకోవాలన్నది దాని సారం. ఇప్పుడు అది యూనియన్ పనితీరు ఒప్పందంలో 208వ అధికరణ. అభివృద్ధి సాయం ప్రధాన లక్ష్యం పేదరికాన్ని తగ్గించి, కాలక్రమంలో నిర్మూలించడమేనని కూడా అందులోనే రాసి ఉంది. కాగితం మీద ఇంతకంటే స్పష్టంగా రాయలేరు.

సాయం విషయంలో పద్ధతి మూడో రకం. వర్తకంలా పూర్తిగా ఉమ్మడి కాదు, విదేశాంగంలా పూర్తిగా విడి కాదు. యూనియన్ తన డబ్బు తాను ఇస్తుంది, ప్రతి దేశమూ తన డబ్బు తాను ఇస్తుంది, ఒకరు ఇచ్చారని ఇంకొకరు మానక్కర్లేదు. అందుకే మంత్రులు కూర్చుని ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో సరిచూసుకోవాలి. లేకపోతే ఒకే ఊళ్లో నాలుగు జెండాలతో నాలుగు బావులు తవ్వి, పక్క ఊరిని వదిలేస్తారు. యూనియన్ తరఫున 2021 నుంచి 2027 దాకా బయటి దేశాల కోసం పెట్టిన ప్రధాన నిధి 79.5 బిలియన్ యూరోలు, అంటే ఏడు వేల తొమ్మిది వందల యాభై కోట్ల యూరోలు. 1958 నుంచి ఆఫ్రికా దేశాల కోసం బడ్జెట్‌కు బయట విడిగా నడిచిన అభివృద్ధి నిధిని కూడా 2021లో ఇందులోకే తెచ్చారు. సంపన్న దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో లక్ష్యం పెట్టింది. యూరప్‌లో స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ లాంటి కొన్ని దేశాలే దాన్ని అందుకున్నాయి.

నా కళ్లముందు జరిగిన ఒకటి చెబుతాను. 2001 ఫిబ్రవరిలో మంత్రులు 'ఆయుధాలు తప్ప అన్నీ' అనే పథకాన్ని ఆమోదించారు. ప్రపంచంలోని అతి పేద దేశాల నుంచి ఆయుధాలు తప్ప ఏ సరుకైనా సుంకం లేకుండా, పరిమితి లేకుండా రావచ్చు. అది విన్నప్పుడు నాకు నిజంగా ఆనందం వేసింది. తర్వాత దస్త్రం చివరి పేజీలు చదివాను. అరటిపండ్లకు 2006 దాకా, బియ్యానికీ చక్కెరకూ 2009 దాకా పూర్తి ప్రవేశం లేదు. పేద దేశాలు నిజంగా పోటీ పడగల సరుకులు అవే. యూరప్ చక్కెర దుంప రైతుల ఒత్తిడి ముందు ఆ ఏళ్లు వాయిదా పడ్డాయి. నేను ఆ రోజు వార్త రాసినప్పుడు మొదటి వాక్యంలోనే ఆ మూడు సరుకుల పేర్లు పెట్టాను. సంపాదకులు తీసేసి కిందికి నెట్టారు. పైకి ఉండాల్సిందని ఈ రోజుకీ అనుకుంటున్నాను.

అయినా ఆ పథకం మామూలు విషయం కాదు, అది చాలామందికి కూడు పెట్టింది. కాంబోడియా బట్టల పరిశ్రమ దాని వల్ల పెరిగింది. మానవ హక్కులు దారుణంగా దెబ్బతిన్నాయని 2020 ఆగస్టులో కాంబోడియాకు ఆ సౌకర్యాన్ని కొంత వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు ఇలాంటిదే ఇంకో రాయితీని శ్రీలంక 2010లో పోగొట్టుకుని, 2017లో తిరిగి పొందింది. ఇక్కడే విదేశాంగం, వర్తకం, సాయం మూడూ ఒక చోట ముడిపడతాయి. పాలకుడు తప్పు చేస్తే సుంకం పెరుగుతుంది. ఆ భారం మొదట పడేది కుట్టు మిషన్ ముందు కూర్చున్న ఆడపిల్ల మీద. అది తెలిసి కూడా ఆ నిర్ణయం తీసుకోవాలా వద్దా? నేను మాట్లాడిన దౌత్యవేత్తల్లో ఇది తేలికైన విషయమని చెప్పినవాళ్లను ఎక్కువ గౌరవించలేకపోయాను. రాత్రి నిద్ర పట్టలేదని చెప్పినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లను గౌరవిస్తాను.

ప్రశ్న: 'జిమ్నిష్' అనే మాట వార్తల్లో చూశాను. ఏమిటది?

జర్మనీలో కొలోన్ దగ్గర ఒక కోట పేరు. 1974 ఏప్రిల్‌లో జర్మనీ అధ్యక్షతలో విదేశాంగ మంత్రులు అక్కడ అనధికారికంగా కూర్చున్నారు. అప్పటి నుంచి అలాంటి సమావేశం ఎక్కడ జరిగినా జిమ్నిష్ అనే అంటారు. వంతు దేశం ఆరు నెలలకోసారి తన గడ్డ మీద ఏర్పాటు చేస్తుంది. నిర్ణయాలుండవు, ఓట్లుండవు. మంత్రులు మెడలో టైలు తీసేసి మాట్లాడుకుంటారు. అక్కడ మాట మెత్తబడితేనే తర్వాత నెలలో బ్రస్సెల్స్‌లో సంతకం పడుతుంది. 2024 ఆగస్టులో అది బుడాపెస్ట్‌లో జరగాలి. హంగరీ ప్రధాని జూలైలో మాస్కో వెళ్లి వచ్చినందుకు నిరసనగా బొరెల్ దాన్ని బ్రస్సెల్స్‌కు మార్చేశారు. ఊరు మార్చడమే అక్కడ ఒక గట్టి మాట.

ప్రశ్న: ఇన్ని సమావేశాలు, ఇంతమంది మంత్రులు. యుగోస్లావియాలో జనం ఊచకోత పడ్డప్పుడు ఏం చేశారు? ఇరాక్ అప్పుడు ఏం చేశారు? కాఫీలు తాగి ఫొటోలు దిగడానికేనా? – కోపంగా రాస్తున్నందుకు క్షమించండి.

క్షమాపణ ఎందుకండీ. ఆ కోపం నాకూ ఉంది.

1991లో యుగోస్లావియా విడిపోతున్నప్పుడు, అప్పటి లక్సెంబర్గ్ విదేశాంగ మంత్రి జాక్ పూస్ "ఇది యూరప్ ఘడియ" అన్నారు. అమెరికా అవసరం లేదు, మేమే చక్కబెడతామన్న ధీమా అది. ఆ డిసెంబర్ 9, 10 తేదీల్లో మాస్ట్రిక్ట్‌లో నాయకులు ఉమ్మడి విదేశాంగ విధానానికి ఒప్పుకున్నారు. వారం తిరగకుండా, 16వ తేదీ రాత్రి విదేశాంగ మంత్రులు బ్రస్సెల్స్‌లో క్రొయేషియా, స్లోవీనియాల గుర్తింపు మీద తెల్లవారుజాము దాకా వాదించుకున్నారు. అందరూ కలిసి జనవరి 15న గుర్తిద్దామని తేల్చుకున్నారు. జర్మనీ ఆగలేదు, డిసెంబర్ 23నే గుర్తించేసింది. ఉమ్మడి విధానానికి అంగీకరించి రెండు వారాలు కూడా కాలేదు. 1995 జూలైలో, యుగోస్లావియా నుంచి విడిపోయిన బోస్నియాలోని స్రెబ్రెనిత్సలో ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్లను, పిల్లలను చంపేశారు. బ్రస్సెల్స్‌లో నాకు పని నేర్పిన పెద్ద విలేకరులు 1991 సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లు.

ఇరాక్ సమయానికి నేనే అక్కడ ఉన్నాను. 2003 జనవరి 27న గ్రీస్ మంత్రి జార్జ్ పాపాండ్రూ అధ్యక్షతన మంత్రులు కూర్చుని, ఇరాక్ మీద ఉమ్మడి ప్రకటన చేశారు. పదాలు ఆచితూచి, అందరికీ సరిపోయేట్టు కూర్చారు. మేం కూడా హమ్మయ్య అనుకుని వార్తలు పంపించాం. మూడు రోజుల తర్వాత జనవరి 30న ఎనిమిది మంది నాయకులు అమెరికాకు మద్దతుగా రాసిన లేఖ పత్రికల్లో వచ్చింది. ఆ ఎనిమిదిలో ఐదు యూనియన్ సభ్య దేశాలే. అధ్యక్ష స్థానంలో ఉన్న గ్రీస్‌కు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఆ పొద్దున పత్రికల గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటి నెలల్లో మీ కోపానికి ఏ జవాబూ లేదు.

కానీ అంతా అదే కాదు. 2001లో మాసిడోనియా మరో బోస్నియా అవుతుందని అందరం భయపడ్డాం. సొలానా నెలల తరబడి దాని రాజధాని స్కోప్యేకు తిరిగారు, నాటో, అమెరికా దూతలతో కలిసి పనిచేశారు. ఆగస్టు 13న ఓహ్రిడ్ ఒప్పందం కుదిరింది. అక్కడి ఘర్షణలు పెద్ద యుద్ధంగా మారలేదు. రాని యుద్ధం ఎవరికీ గుర్తుండదు. అందుకే ఈ మండలికి చెడ్డపేరే మిగులుతుంది. 2004 డిసెంబర్‌లో బోస్నియాలో శాంతిదళాన్ని నాటో నుంచి యూరోపియన్ యూనియన్ తీసుకుంది, ఆ దళం ఇప్పటికీ అక్కడే ఉంది. 1991లో నవ్వులపాలైన ఆ సంస్థే అక్కడ కాపలా కాస్తోంది.

నేను కోరేది ఒకటే. ఉమ్మడి ప్రకటన రాసిన మంత్రి తన ప్రధానికి ఫోన్ చేసి "దీనికి కట్టుబడతారా" అని అడిగిన తర్వాతే గదిలోంచి బయటికి రావాలి. 1991లోనూ 2003లోనూ తప్పిపోయింది ఆ ఫోనే.

ప్రశ్న: నిర్ణయాలు జరిగేటప్పుడు చేతులెత్తి ఓటు వేస్తారా? ఆ దృశ్యం ఎప్పుడైనా మీరు చూశారా? – డిగ్రీ విద్యార్థిని

చూడలేదమ్మా. సమావేశం మొదట్లో కెమెరాలను కొన్ని నిమిషాలు లోపలికి పంపేవారు. మంత్రులు ఒకరినొకరు పలకరించుకోవడం, అద్దాల వెనక దుబాసీలు సర్దుకోవడం కనబడేది. ఆ తర్వాత తలుపులు మూసేవారు. లోపల కూడా చేతులెత్తడం అరుదే.

మంత్రుల దాకా వచ్చేసరికి చాలా పని అయిపోయి ఉంటుంది. కింద పనిబృందాలు, వాటి పైన రాజకీయ భద్రతా కమిటీ, ఆ పైన సభ్య దేశాల శాశ్వత ప్రతినిధుల కమిటీ. ఈ మెట్లన్నిటి మీదా పదాలను నూరి నూరి తయారుచేస్తారు. ఒప్పందం కుదిరిన అంశాలను ఒక జాబితాలో పెడతారు. మంత్రులు దాన్ని చర్చ లేకుండా ఒక్కసారే ఆమోదిస్తారు. కుదరనివే బల్ల మీద చర్చకు వస్తాయి. మరి కొన్ని నిర్ణయాలకు సమావేశం కూడా అక్కర్లేదు. ముసాయిదాను అన్ని రాజధానులకూ పంపి, ఫలానా రోజు ఫలానా గంట దాకా గడువంటారు. ఆ లోపు ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం, అక్కడ అది పూర్తి అంగీకారం. ఒక దేశం ఆఖరి నిమిషంలో చిన్న సందేశం పంపితే మాత్రం "మౌనం చెదిరింది" అంటారు. మళ్లీ మొదటికి వస్తుంది.

నీకు ఆశ్చర్యం వేసేది ఇంకొకటి ఉంది. చట్టం ప్రకారం మంత్రుల మండలి ఒక్కటే. అందుకని కుదిరిపోయిన అంశాన్ని ఏ శాఖ మంత్రులు కూర్చున్నా ఆమోదించవచ్చు. ఒక డిసెంబర్ రాత్రి చేపల కోటాల మీద మత్స్యశాఖ మంత్రులు తెల్లవార్లూ పోట్లాడుకుంటున్నారు. ఏ సముద్రంలో ఎన్ని టన్నుల కాడ్ పట్టాలన్నదే గోల. ఆ సమావేశం జాబితాలోనే, ఎక్కడో దూర దేశపు అధికారుల మీద ఆంక్షలు పొడిగించే నిర్ణయం కూడా ఉంది. చేపల మంత్రులు దాన్ని చర్చ లేకుండా దాటించి మళ్లీ కాడ్ దగ్గరికి వెళ్లారు. మేం ఆ వార్త కోసం చేపల విలేకరుల పక్కన కూర్చుని ఎదురుచూశాం. ఆ తర్వాత యూనియన్ అధికార పత్రికలో ఆ పేర్లు వరుసగా అచ్చయ్యాయి. ఆ అచ్చు చూసుకునే 27 దేశాల్లో బ్యాంకులు ఆ ఖాతాలను కదలకుండా ఉంచాయి.